పాత మిలటరీ రైఫిల్‌కు కొత్త ట్రిగ్గర్: మార్చడం మేలా, ఉన్నదాన్ని బాగుచేసుకోవడం మేలా?

పోయిన నెల ఇక్కడ, డాలస్ పక్కన రేంజ్‌లో ఒక కరీంనగర్ కుర్రాడు కలిశాడు. కొత్తగా ఒక మోసిన్-నాగాంట్ 91/30 అనే రష్యా పాత సైనిక రైఫిల్ కొన్నాడు. పది రౌండ్లు పేల్చి, కాగితం మీద చిల్లులు చిక్కుడు విత్తనాలు చల్లినట్టు పడడం చూసి, "అన్నా, దీని ట్రిగ్గర్ మార్చాలె. ఏ కంపెనీది మంచిగుంటదో చెప్పు" అన్నాడు.

"విప్పి కడిగావా?" అని అడిగాను. కడగలేదట. కొన్న రోజు ఎలా ఉందో అలాగే రేంజ్‌కు తెచ్చాడు.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. టెక్సస్‌లో మనవాళ్ళు వేటకూ, గురి సరదాకూ పాత సైనిక రైఫిళ్ళు కొనడం బాగా పెరిగింది. అందరికీ ఒకే జవాబు చెప్పలేను. మోసిన్‌కు సరిపడే మాట జర్మన్ మౌజర్‌కు సరిపడదు, మౌజర్‌కు చెప్పేది స్విస్ కె31 విషయంలో పనికిరాదు. అందుకే ఒక్కో రైఫిల్‌నూ విడిగా తూచి చెబుతాను.

ముందు ఒక్క సంగతి. ఈ ట్రిగ్గర్లు చేతకాక బరువుగా చెయ్యలేదు. వాటిని తయారుచేసింది ముందు వరసకు వెళ్ళే మామూలు సిపాయి కోసం. చేతికి మందపాటి ఉన్ని తొడుగు ఉంటుంది, కందకంలో బురద ఉంటుంది, రైఫిల్ చేతిలోంచి జారి రాళ్ళ మీద పడుతుంది. అప్పుడు కూడా అది తనంతట తాను పేలకూడదు. లోపల సియర్ అనే ముక్క కాకింగ్ పీస్‌ను, అంటే గుండును పేల్చే పిన్నుకు (స్ట్రైకర్‌కు) వెనక ఉండే ముక్కను, పట్టుకుని ఆపుతుంది. ఆ పట్టు ఎంత లోతుగా ఉంటే రైఫిల్ అంత భద్రం, లాగుడు అంత పొడుగు. ట్రిగ్గర్‌ను తేలిక చెయ్యడమంటే ఎక్కువసార్లు ఆ పట్టును తగ్గించడమే. ఈ విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

మోసిన్-నాగాంట్: కడగడమా, రేకు ముక్కా, టిమ్నీనా?

మోసిన్ ట్రిగ్గర్ చూస్తే ఇంత సింపులా అనిపిస్తుంది. రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప గూడు) కింద ఒకే మరతో బిగించిన బద్ద స్ప్రింగు ఉంటుంది. దాని కొసే సియర్. ట్రిగ్గర్ ఒక పిన్నుకు వేలాడుతూ ఆ బద్దను కిందికి లాగుతుంది. ట్రిగ్గర్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగు విడిగా లేదు కాబట్టి వేలు తీసేస్తే గుడి గంట నాలుకలా ఊగుతూ ఉంటుంది. నా దగ్గరున్నది యుద్ధకాలంలో ఇజెవ్‌స్క్‌లో చేసినది. తక్కెడ పెట్టి తూస్తే ఎనిమిది పౌండ్ల దాకా వచ్చింది. లాగుతూ ఉంటే గరుకు గరుకుగా, ఇసుక మీద బల్ల జరిపినట్టు ఉండేది. ఎప్పుడు తెగి పేలుతుందో తెలిసేది కాదు.

మొదటి దారి, డబ్బు ఖర్చు లేనిది: పూర్తిగా విప్పి కడగడం. గోదాముల్లో దశాబ్దాల పాటు ఉండడానికి ఈ రైఫిళ్ళకు కాస్మోలిన్ అనే గ్రీజు దట్టించారు. అది ఎండితే పాత బెల్లం పాకంలా గట్టిపడుతుంది. సియర్ బద్ద వెనకా, పిన్ను రంధ్రంలో, ట్రిగ్గర్ గాడిలో మొత్తం అదే. మినరల్ స్పిరిట్స్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, సియర్, కాకింగ్ పీస్ రాసుకునే చోట చుక్క నూనె వేస్తే నా రైఫిల్‌లో లాగుడు ఒక పౌండుకు పైగా తగ్గింది. గరుకు సగానికి పోయింది.

రెండో దారి రేకు ముక్క. సోడా డబ్బా రేకును చిన్న ముక్కగా కత్తిరించి సియర్ బద్దకూ రిసీవర్‌కూ మధ్య పెడతారు. బద్ద కాస్త కిందికి దిగుతుంది, పట్టు తగ్గుతుంది, లాగుడు పొట్టిదవుతుంది. నేనూ చేశాను. చేసి, ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో బోల్ట్‌ను (గుండును లోపలికి తోసి మూసే కడ్డీని) జోరుగా ముందుకు కొట్టి మూశాను. టక్‌మని స్ట్రైకర్ దానంతట అదే పడిపోయింది. ట్రిగ్గర్ దగ్గర నా వేలు లేనే లేదు. ఛాంబర్‌లో రౌండు ఉండి ఉంటే? ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. రేకు ముక్క అదే రాత్రి చెత్తబుట్టలోకి వెళ్ళింది. పల్చటి రేకు పెట్టి ఏళ్ళ తరబడి బాగానే వాడుతున్నవాళ్ళు ఉన్నారు, కాదనను. అయినా ఎవరికీ ఈ దారి చెప్పను.

సానరాయి పట్టడం దీని అన్నయ్య. పాత సియర్లలో చాలావాటికి పైపొర మాత్రమే గట్టిది, లోపలి ఉక్కు మెత్తన. రాయి పెట్టి ఎక్కువ రుద్దితే పైపొర పోతుంది. మొదటి వారం వెన్నలా ఉంటుంది, తరవాత మెత్తటి ఉక్కు అరుగుతూ పోయి ఒక రోజు పట్టే నిలవదు. కోణం రవ్వంత తిరిగినా అదే ప్రమాదం. అద్దంలా మెరిసేలా రుద్దుకోవాలన్న ఆశ వదులుకోండి. కళ్ళకు కనిపించే బుడిపె, తుప్పు ఉంటే తీసి ఆపెయ్యండి.

మూడోది కొత్త ట్రిగ్గర్. టిమ్నీ కంపెనీ 1946లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళకు చేరిన సైనిక రైఫిళ్ళను వేటకు మలుచుకునేవాళ్ళే దాని మొదటి గిరాకీ. ఇప్పుడు అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉంది. మోసిన్‌కు వాళ్ళు చేసే ట్రిగ్గర్ మూడు పౌండ్ల చుట్టూ ఉంటుంది. లాగుడు అన్నదే కనిపించదు, ఎండు పుల్ల విరిగినట్టు తెగుతుంది. దానితోపాటు పక్కన బొటనవేలికి అందే సేఫ్టీ మీట వస్తుంది. నా లెక్కలో అసలు లాభం అదే. మోసిన్ పాత సేఫ్టీ వాడినవాళ్ళకు తెలుసు: వెనక గుండీని బలమైన స్ప్రింగుకు ఎదురు లాగి ఎడమకు తిప్పాలి. చలిలో, జింక ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు అది అయ్యే పని కాదు. హ్యూబర్ అనే ఇంకో చిన్న కంపెనీ కూడా మోసిన్‌కు ట్రిగ్గర్లు చేస్తుంది. ముందు తేలిగ్గా కదిలి, ఒక చోట ఆగి, తరవాత తెగే రెండు అంచెల లాగుడు అలవాటైనవాళ్ళు అటు చూడవచ్చు.

ఇక నష్టం. సేఫ్టీ మీట కోసం స్టాక్‌లో కట్టె చెక్కాలి. నేను దీపం మసి పూసి, రైఫిల్‌ను స్టాక్‌లో కూర్చోబెట్టి తీసి, నల్ల మరక పడిన చోట మాత్రమే సన్న ఉలితో పొట్టు పొట్టుగా తీశాను. రెండు సాయంత్రాలు పట్టింది. తొందరపడితే కట్టె పగులుతుంది, పగిలిన కట్టె అతుక్కోదు. పైగా ఖర్చు. 2010 ప్రాంతంలో మోసిన్ వంద డాలర్ల లోపే దొరికేది. రైఫిల్ కంటే ట్రిగ్గర్ ఖరీదెక్కువ అన్న రోజులవి. ఇప్పుడు రైఫిల్ ధర మూడు నాలుగు రెట్లయింది. అందుకే చెక్కని స్టాక్‌కు విలువ పెరిగింది.

నా తీర్పు: కాగితం మీద గురికైతే కడిగి వాడుకోండి. ఏటా వేటకు తీసుకెళ్ళేదైతే, అది మామూలు యుద్ధకాలపు 91/30 అయితే, టిమ్నీ పెట్టుకోండి. చెక్కడానికి వేరే పాత స్టాక్ ఒకటి కొనుక్కుని అసలు స్టాక్ దాచండి. ఫిన్లాండ్ ముద్రలున్న రైఫిల్ అయితే ఉలి దగ్గరికే తేవద్దు.

ఇంకో మాట. కొనేముందు బ్యారెల్ లోపల చూడండి. పాత సైనిక గుళ్ళ ప్రైమర్లు (మందును అంటించే చిన్న మూతలు) పేలాక ఉప్పు మిగిలేది. పేల్చాక కడగని బ్యారెల్‌ను అది లోపల తినేస్తుంది. చాళ్ళు అరిగిపోయిన బ్యారెల్‌కు ఎంత మంచి ట్రిగ్గర్ పెట్టినా గుండు దాని దారిన అది పోతుంది.

మౌజర్ 98: ఇక్కడ పోటీ నిజంగా గట్టిది

మౌజర్ సైనిక ట్రిగ్గర్ చెడ్డది కాదు. ట్రిగ్గర్ పైభాగంలో రెండు బుడిపెలు ఉంటాయి. మొదటిది ఆనినప్పుడు తేలిగ్గా, పొడుగ్గా కదులుతుంది. బావి చేద వదులుగా వచ్చి ఒక చోట బిగిసినట్టు, రెండో బుడిపె ఆనగానే వేలికి గోడ తగులుతుంది. అక్కడ ఆగి ఊపిరి బిగబట్టి ఇంకాస్త నొక్కితే తెగుతుంది. వేలు దూరంగా ఉన్నంతసేపూ లోతైన పట్టు, గురి కుదిరాక తక్కువ పట్టు. నూట ఇరవై ఏళ్ళ కింది బుర్రలు ఇంత బాగా ఆలోచించాయంటే నాకు గౌరవం కలుగుతుంది. శుభ్రమైన మౌజర్ ట్రిగ్గర్‌కు వారం రోజులు వేలు అలవాటు చేస్తే చాలామందికి కొత్తది అక్కర్లేదు.

మరి మార్చడం ఎప్పుడు మేలు? స్కోప్ పెట్టినప్పుడు. మౌజర్ సేఫ్టీ రెక్క బోల్ట్ వెనక నిలువుగా లేస్తుంది, స్కోప్ దానికి అడ్డొస్తుంది. అప్పుడు పక్క సేఫ్టీ ఉన్న టిమ్నీ పెడితే ఆ చిక్కు పోతుంది. బిగించడం మోసిన్ కంటే తేలిక: పాత పిన్ను కొట్టి తీసి, కొత్త ట్రిగ్గర్ పెట్టెను అదే చోట వేలాడదీసి, మర బిగించడం, కట్టె కొంచెం తియ్యడం.

కానీ ఒక తేడా గమనించండి. పాత రెక్క సేఫ్టీ కాకింగ్ పీస్‌నే పట్టి వెనక్కి ఎత్తుతుంది. అంటే సియర్ విరిగినా స్ట్రైకర్ పడదు. పక్క సేఫ్టీ ఎక్కువగా ట్రిగ్గర్‌నే ఆపుతుంది. భద్రతలో పాతదే ఒక మెట్టు పైన. అందుకే స్కోప్ లేనివాళ్ళకు సేఫ్టీ లేని టిమ్నీ మోడల్ చెబుతాను, రెక్క అలాగే పనిచేస్తుంది. కొత్త సియర్ ఎత్తు రవ్వంత తేడాగా ఉంటే ఆ రెక్క తిరగకపోవచ్చు, తిరిగినా సరిగా పట్టకపోవచ్చు. అప్పుడు ఆకురాయి పట్టుకుని మీరే దిగకండి, గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఎవరో ఎప్పుడో స్టాక్ కోసి, స్కోప్‌కు రంధ్రాలు వేసేసిన మౌజర్ దొరికితే మాత్రం ఆలోచించకుండా టిమ్నీ పెట్టండి. దానికి పోవలసిన చారిత్రక విలువ ఎప్పుడో పోయింది. ముద్రలన్నీ కలిసి, నంబర్లు సరిపోయే రైఫిల్‌ను మాత్రం ముట్టుకోవద్దు. ఆర్డరు పెట్టేటప్పుడు 98 రకమా, 91 నుంచి 96 దాకా ఉన్న పాత రకమా చూసుకోండి. వాటి ట్రిగ్గర్లు వేరు.

స్వీడన్ 96 మౌజర్, స్విస్ కె31 ఉన్నవాళ్ళకు నా జవాబు ఒకే ముక్క: వదిలెయ్యండి. కె31 ట్రిగ్గర్ దుకాణంలో కొనే చాలా కొత్త రైఫిళ్ళ కంటే బాగుంటుంది. ఆ డబ్బుతో గుళ్ళు కొనుక్కోండి. స్వీడన్ 96లో బోల్ట్ మూసేటప్పుడే స్ప్రింగు బిగుస్తుంది, ఆ తోపుడంతా నేరుగా సియర్ మీదే పడుతుంది. అక్కడ పట్టు తగ్గించడం ఇంకా ప్రమాదం.

త్రీ నాట్ త్రీ సంగతి వేరు

లీ-ఎన్‌ఫీల్డ్ మనకు పరాయిది కాదు. పోలీస్ స్టేషన్ గుమ్మంలో చూశాం, ఎన్‌సీసీ డ్రిల్లులో భుజాన మోశాం. 1962 చైనా యుద్ధం తర్వాతి ఏళ్ళలో ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే ఆకారంలో 7.62 నాటో గుండుకు చేసిన 2ఎ, 2ఎ1 రైఫిళ్ళు అమెరికా సర్‌ప్లస్ మార్కెట్‌లో ఇప్పటికీ కనిపిస్తాయి. నా దగ్గరా ఒకటుంది. దాని మీద ఇషాపూర్ ముద్ర చూసినప్పుడల్లా ఇంటి మనిషిని చూసినట్టు ఉంటుంది.

ఈ రైఫిళ్ళకు బయటి ట్రిగ్గర్లు దొరికేదే చాలా తక్కువ. నిజానికి అవసరమూ తక్కువ. పాత మార్క్ 3లోనూ, దాని రూపమే అయిన ఇషాపూర్‌లోనూ ట్రిగ్గర్ వేలాడేది ట్రిగ్గర్ గార్డుకు, సియర్ ఉండేది రిసీవర్‌కు. మధ్యలో ఉన్నది కట్టె. వానాకాలం కట్టె ఉబ్బినా, టెక్సస్ ఎండకు కుంచించుకుపోయినా రెంటి మధ్య దూరం మారి లాగుడు మారిపోతుంది. బ్రిటిష్‌వాళ్ళు 1949లో నంబర్ 4 మార్క్ 2 తెచ్చి ట్రిగ్గర్‌ను రిసీవర్‌కే వేలాడదీసింది ఈ తలనొప్పి పోగొట్టడానికే. కాబట్టి మీ ఇషాపూర్ ట్రిగ్గర్ రెండో అంచె మాయమైపోతే ట్రిగ్గర్‌ను తిట్టకండి. స్టాక్ బిగింపు, మరలు, కట్టె అణిగిన చోట్లు చూడండి.

మన దేశంలో చదివేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. త్రీ నాట్ త్రీ అక్కడ నిషేధిత బోర్. లైసెన్సున్న ఏ ఆయుధమైనా సొంతంగా విప్పి మార్చడం ఆయుధాల చట్టంతో పెట్టుకోవడమే. ఈ రాతంతా ఇక్కడి చట్టం ఒప్పుకునే చోటి మాట.

ఇక్కడ కూడా సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ వాళ్ళ పాత రైఫిళ్ళ పోటీలకు వెళ్ళాలనుకుంటే సైన్యం ఇచ్చిన రూపంలోనే ఉండాలి. ట్రిగ్గర్‌కు బరువు కట్టి తూస్తారు. అక్కడ టిమ్నీ పెట్టిన రైఫిల్‌తో వరసలో నిలబడలేరు.

ఏ దారి పట్టినా రేంజ్‌కు వెళ్ళే ముందు ఇది చెయ్యండి. ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. బోల్ట్‌ను పదిసార్లు జోరుగా కొట్టి మూయండి. మూసిన రైఫిల్ మడమను తివాచీ మీద గట్టిగా కొట్టండి, పక్కల రబ్బరు సుత్తితో తట్టండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి వదలండి, తరవాత సేఫ్టీ తియ్యండి. వీటిలో ఒక్కసారి స్ట్రైకర్ పడినా ఆ రైఫిల్‌లో రౌండు పెట్టకూడదు. తీసిన పాత భాగాలు మర, పిన్నుతో సహా ఒక సంచీలో వేసి, రైఫిల్ నంబరు రాసి దాచండి.

కరీంనగర్ తమ్ముడు ఆ ఆదివారం మా గరాజ్‌కు వచ్చాడు. ఇద్దరం కూర్చుని విప్పాం. సియర్ బద్ద వెనక నుంచి గోధుమరంగు గ్రీజు ముద్ద, అందులో ఎవరిదో ఉన్ని పోగు ఒకటి బయటికొచ్చాయి. కడిగి బిగించాక తక్కెడ ఎనిమిదిన్నర నుంచి ఆరున్నరకు దిగింది. మరుసటి వారం ఇసుక సంచీ మీద పెట్టి ఐదు పేల్చాడు. నాలుగు అరచేతి కింద పట్టాయి. "నవంబర్‌ల వేటకు పోతే అప్పుడు ఆర్డర్ పెడతా అన్నా" అన్నాడు. ఆ ఉన్ని పోగును మాత్రం పారెయ్యకుండా పర్సులో పెట్టుకున్నాడు.