దోర్దోన్ ఒడ్డున ఒకే ఇంట్లో వారం రోజులు

పారిస్‌లో మూడు రోజులు తిరిగేసరికి మా అత్తగారి మోకాళ్లు మొరాయించాయి. మిగతా వారమంతా ఒకేచోట, ఫ్రాన్స్ నైరుతిలో దోర్దోన్ నది ఒడ్డు పల్లెల్లో గడపాలని ముందే అనుకున్నాం కాబట్టి బతికిపోయాం.

పారిస్ నుంచి బోర్డోకి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో రెండు గంటల పైచిలుకు. అక్కడినుంచి సార్లా ఊరికి చిన్న రైలుంది కానీ, దిగాక పల్లెలు తిరగడానికి బస్సుల్ని నమ్ముకుంటే కష్టం. బోర్డోలోనే కారు అద్దెకు తీసుకున్నాం. ఆటోమేటిక్ కావాలంటే చాలా ముందే బుక్ చేసుకోండి, ఇంటర్నేషనల్ పర్మిట్ మర్చిపోకండి. బోర్డులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలన్నది అక్కడి రూలు. మా ఆయనకి ఆ పాఠం ఒక ట్రాక్టర్ డ్రైవర్ హారన్‌తో నేర్పాడు.

ఉన్నది ‘జీట్’లో. పల్లెల్లో వంటగదితో సహా అద్దెకిచ్చే ఇళ్లను అలా అంటారు. హోటళ్లకి నక్షత్రాలున్నట్టు, జీట్ ద ఫ్రాన్స్ సంస్థ ఇళ్లకి గోధుమ వెన్నులు ఇస్తుంది, ఒకటి నుంచి ఐదు దాకా. మాది మూడు వెన్నుల ఇల్లు. మూరెడు మందం రాతి గోడలు, చెక్క కిటికీలు. ఏసీ లేదు, జూన్‌లో దాని అవసరమూ రాలేదు. సీజన్‌లో ఎక్కువగా శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. అద్దె చూసి మురిసిపోకండి. దుప్పట్లు, తువ్వాళ్లు వేరే, క్లీనింగ్ వేరే, మనిషికి రోజుకింత టూరిస్ట్ పన్ను వేరే. అన్నీ కలుపుకుని లెక్క వేసుకోవాలి. ఫొటోలో మురిపించిన స్విమ్మింగ్ పూల్ మూడు ఇళ్లకి ఉమ్మడిదని వెళ్లాకే తెలిసింది. వైఫై మెట్ల దగ్గర నిలబడితేనే వచ్చేది.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా అత్తగారు పూర్తి శాకాహారి, ఈ ప్రాంతమేమో బాతు మాంసానికి పేరు మోసింది. రెస్టారెంట్లో ‘బంగాళాదుంపలే కదా’ అని సార్లా వేపుడు ఆర్డర్ చేశాం. ప్లేటు వచ్చాక అనుమానం వచ్చి అడిగితే, బాతు కొవ్వులోనే వేయిస్తారట! ఆవిడ ముద్ద నోట్లో పెట్టకముందే ప్లేటు మా ఆయన వైపు జరిపేశాను. ఆ తర్వాత ఆవిడకి బయట దొరికిందల్లా మేక చీజ్, అక్రోట్ పప్పులు వేసిన సలాడే. అదీ రెండోసారికి విసుగొచ్చింది. వంటగది ఉన్న ఇల్లు తీసుకోవడం ఎంత మంచిదైందో!

సార్లాలో బుధ, శనివారాల్లో పొద్దున్నే సంత. పచ్చనివీ తెల్లనివీ యాస్పరాగస్ కాడలు, స్ట్రాబెర్రీలు, అక్రోట్ నూనె సీసాలు. కూరలు ముట్టుకుని ఏరబోతే మా అత్తగారి చేతిని అమ్మే ఆమె సున్నితంగా ఆపింది. వాళ్లే ఏరి ఇస్తారు. ముందు ‘బోజూర్’ అని పలకరించకుండా ధర అడిగితే మొహాలు మాడ్చుకుంటారు కూడా. మధ్యాహ్నం పన్నెండు దాటితే చిన్న ఊళ్లలో కొట్లు మూతపడతాయి, రెండు దాటితే భోజనం దొరకదు. మేమున్న ఊరి బేకరీకి సోమవారం సెలవు. మొదటి రెండు రోజులు టెన్షన్ పడ్డాం. మూడో రోజు నుంచి మేమూ మధ్యాహ్నం తలుపులేసుకుని పడుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురే, తొందరేముంది!

చూసినవాటిలో నా ఓటు లేజేజీ ఊరి దగ్గర ఆదిమానవుల బొమ్మలున్న ఫోన్ ద గోమ్ గుహకి. అలాంటి బొమ్మలకే పేరు మోసిన లాస్కో గుహ 1940లో బయటపడింది, సందర్శకుల ఊపిరితో బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. ఇప్పుడు మనకి చూపించేది నకలు. 2016లో తెరిచిన ‘లాస్కో 4’ అనే నకలు అద్భుతంగానే ఉంది, కానీ గుంపుతో పాటు నడిపించేస్తారు. ఫోన్ ద గోమ్‌లో వేల ఏళ్ల కిందటి అసలు రంగులే చూడొచ్చు. కొద్దిమందినే లోపలికి పంపుతారు, టికెట్ ముందే తీసుకోవాలి, స్వెటర్ తప్పనిసరి. టార్చి వెలుగులో గోడ ఉబ్బునే వీపుగా చేసుకున్న అడవిదున్న కనబడగానే మా అత్తగారు “గంగిరెద్దులా ఉందే” అన్నారు.

బేనాక్, కాస్టెల్‌నో కోటలు నదికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉంటాయి, ఫ్రాన్స్, ఇంగ్లండ్‌ల మధ్య జరిగిన నూరేళ్ల యుద్ధంలో శత్రువులుగా నిలిచినవి. రెండూ ఎక్కక్కర్లేదు. పడవలోంచి చూస్తేనే ఎక్కువ బాగున్నాయి. కెనూ, అంటే తెడ్డు పడవ, అద్దెకిచ్చేవాళ్లే వ్యానులో ఎక్కించుకుని తిరిగి తీసుకొస్తారు. డోమ్ ఊరు 1281లో కట్టినది, కొండ అంచు నుంచి లోయంతా కనబడుతుంది. మధ్యాహ్నం మాత్రం టూరిస్టు బస్సుల తాకిడి, పొద్దున్నే వెళ్లండి. నర్తకి, గాయని జోసెఫిన్ బేకర్ ఒకప్పుడు నివసించిన మిలాండ్ కోటకి టైం చాల్లేదు.

ఆఖరి శనివారం పదింటికల్లా ఖాళీ చేయాలి. క్లీనింగ్‌కి అరవై యూరోలన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. పొద్దున్న ఆరింటికే చీపురు పట్టారు. ఇంటావిడ వచ్చి ఒక్కో గదీ చూసి, స్టవ్ దగ్గర మాత్రం ఆగి వాసన చూసింది. ఇంగువ. ఏమనుకుందో ఏమో, డిపాజిట్ మాత్రం మొత్తం ఇచ్చేసింది.