ఎబెరాన్: రైజింగ్ ఫ్రమ్ ద లాస్ట్ వార్ – మంత్రగాళ్లు బోలెడు, లెక్కే లేదు

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు పాత్రలై పాచికలు వేసి ఆడే ఆట. దాన్ని ఆడించేవాళ్లు ఈ పుస్తకం కొనాలా వద్దా అంటే కొనమనే చెబుతాను. 2019లో వచ్చింది, 320 పేజీలు, ఐదో ఎడిషన్ రూల్స్‌తో నడుస్తుంది. ఇందులో ఆట కోసం ఇచ్చిన ఎబెరాన్ అనే లోకం బాగుంది. లెక్కలే వదులుగా ఉన్నాయి.

నేను పర్లాకిమిడి వైపు కరెంటు లైన్‌మేన్‌ని. సెలవు దొరికితే మేడ మీద మేనల్లుళ్లకీ వాళ్ల స్నేహితులకీ ఆట ఆడిస్తాను. మాటలు సగం తెలుగు, సగం ఒడియా, తిట్లు రెండింట్లోనూ. ఇదివరకు నేను కల్పించిన లోకంలో జిల్లా మొత్తానికి మంత్రం తెలిసినవాళ్లు ఒకరిద్దరే. దాంతో ఎవరి పాత్ర మంత్రం వేసినా ఊరివాళ్లు కర్రలు పట్టుకుని వచ్చేసేవారు. చిల్లంగి పెట్టిందని ముసలమ్మల మీద పడే మనుషుల గురించి వింటూ పెరిగినవాళ్లం. ఒడిశాలో దాని మీద 2013లో చట్టమే తేవాల్సి వచ్చింది. ఆటలో కూడా అదే గోల అంటే సరదా ఎక్కడుంటుంది?

ఎబెరాన్‌లో మంత్రగాణ్ణి చూసి ఎవరూ బెదరరు. కీత్ బేకర్ ఊహించిన లోకం ఇది, మొదటి పుస్తకం 2004లో వచ్చింది. చిన్న మంత్రాలు వీధివీధినా ఉంటాయి, పెద్దవి అరుదు. మేజ్‌రైట్లని ఒక రకం మనుషులుంటారు. వాళ్లు విజార్డుల్లా పెద్ద చదువులు చదవరు, కొద్దిపాటి మంత్రాలు నేర్చుకుని వాటితోనే పొట్ట పోసుకుంటారు. వీళ్లు నాకు ఇట్టే అర్థమయ్యారు. నేనూ కరెంటు కనిపెట్టలేదు, ఫ్యూజు వేయడం తెలుసు. వీళ్లపైన డ్రాగన్‌మార్క్, అంటే ఒంటి మీద మంత్రశక్తినిచ్చే గుర్తు, ఉన్న వంశాలు వ్యాపారాలన్నీ పంచేసుకున్నాయి. వైద్యం జొరాస్కో వాళ్లది, మెరుపు రైలు ఓరియన్ వాళ్లది, దూరాలకు కబుర్లు పంపడం సివిస్ వాళ్లది.

"ఏటి మావయ్యా, ఊరినిండా మంత్రగాళ్లుంటే మనతో పనేటి?" అన్నాడు మా పెద్ద మేనల్లుడు. దీనికి పుస్తకంలో ఉన్న జవాబు నాకు తెగ నచ్చింది. సిల్వర్ ఫ్లేమ్ మతపెద్ద జేలా డారన్ 11 ఏళ్ల పిల్ల, ఆమె శక్తంతా ఫ్లేమ్‌కీప్ నగరంలో ఉన్నంతసేపే. మహా డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలవాడు) ఓలియన్ ఏమో ఒక పైన్ చెట్టు. బలమున్నవాళ్లకు కదిలే వీలు లేదు కాబట్టి పరిగెత్తాల్సింది మన ఆటగాళ్లే.

ఇక గొడవ. ఊళ్లో ఎందరు మేజ్‌రైట్లు? చెప్పరు. ఆడించేవాళ్ల కోసం రాసిన మూడో ఎడిషన్ డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో 401 నుంచి 900 మంది ఉంటే గ్రామం అనేవారు, అందులో ఏ క్లాసులో (విజార్డు లాంటి పాత్ర రకంలో) అందరికన్నా గట్టివాడు ఏ లెవెలో, అంటే శక్తిలో ఎన్నో మెట్టో, పాచిక వేసి తేల్చే పట్టిక ఉండేది. అలాంటిది ఇక్కడ ఒకటి వేస్తే ఏం పోయింది? వీధి దీపాల సంగతే తీసుకోండి. మామూలు రూల్స్‌లో ఆరని దీపం వెలిగించే కంటిన్యువల్ ఫ్లేమ్ మంత్రానికి 50 బంగారు నాణేల విలువైన కెంపు పొడి కావాలి. రోజుకూలీకి వచ్చేది 2 వెండి నాణేలు. ఒక్క దీపానికి 250 రోజుల కూలి! ఎబెరాన్‌లో కెంపుల బదులు డ్రాగన్‌షార్డ్ అనే మంత్రపు రాళ్లు వాడతారు సరే, అయినా ఆరని దీపానికి దీపాలు వెలిగించే మేజ్‌రైట్ దేనికి? దొంగలు ఎత్తుకుపోతే కొత్తది పెట్టడానికని సర్దిచెప్పాను. మా లైన్ల మీద అల్యూమినియం తీగకే దిక్కు లేదు, కెంపులు మిగులుతాయా?

చివరికి నా లెక్క నేనే రాసుకున్నాను. నూటికి ఒకరికి చిన్న మంత్రం వచ్చు. మూడో లెవెల్ మంత్రం కావాలంటే పెద్ద ఊరికి పోవాలి. చచ్చినవాణ్ణి లేపే రెయిజ్ డెడ్ ఐదో లెవెల్, దానికి ముందు జొరాస్కో వాళ్ల చుట్టూ తిరగాలి, తర్వాత అప్పు తీర్చాలి. మా వాళ్లు ఇప్పుడు ఆ అప్పులోనే ఉన్నారు.

ఐదుకు నాలుగు మార్కులు. మంత్రం వేసినవాడంటే జనానికి ఒళ్లు మండే లోకమే కావాలంటే ఇదే ఆటకి 1991లో వచ్చిన డార్క్ సన్ అనే లోకం వెతుక్కోండి.