అంబాసిడర్ బ్రేకులు: డిస్కులా, బూస్టరా, ఉన్న డ్రమ్ములేనా?

"మీ బండికి డిస్కులు వేయించారా?" పాత అంబాసిడర్ ఉందని తెలిస్తే తోటి ఓనర్లు మొదట అడిగేది ఇదే. లేదంటే వెంటనే రెండో ప్రశ్న: "మరి ఘాట్ ఎలా దిగుతున్నారు?" మాది 1971 మార్క్ 2. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. అంటే చక్రంతో తిరిగే డ్రమ్ము లోపల, లైనింగ్ అంటించిన వంపు షూలు తెరుచుకుని దాన్ని ఒరిసి ఆపుతాయి; డిస్క్‌లో అయితే తిరిగే రేకుని రెండు వైపుల నుంచీ ప్యాడ్‌లు పట్టుకుంటాయి. ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన అవసరం మొన్న వేసవిలో నాకూ వచ్చింది.

అరకు నుంచి తిరిగొస్తున్నాం. అనంతగిరి దాటి దిగుతుంటే మొదటి నాలుగైదు మలుపులు బ్రేకు బాగానే పట్టింది. ఆ తర్వాత ప్రతి మలుపుకీ పెడల్ ఇంకాస్త లోపలికి పోవడం మొదలైంది. పక్క సీట్లో మా ఆవిడ మాట్లాడటం మానేసి డోరు హ్యాండిల్ పట్టుకుంది. టైడా దగ్గర ఆపేసరికి మాడిన లైనింగ్ వాసన. అరగంట చల్లారాక బ్రేకు మళ్లీ మామూలే. అంటే ఆయిల్ లీకు కాదు, సిలిండర్ పోవడం కాదు, వట్టి వేడి. వేడెక్కితే లైనింగ్‌కి పట్టు తగ్గుతుంది, డ్రమ్ము వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి. డిస్క్‌కి ఈ రెండోది లేదు, ఎందుకంటే వేడికి రేకు లావెక్కితే ప్యాడ్ వైపే వస్తుంది.

కాబట్టి డిస్కే మేలనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. వానాకాలంలో నీళ్లలోంచి వచ్చాక డ్రమ్ము ఆరేదాకా బ్రేకు సరిగా పట్టదు, డిస్క్ రెండు తిరుగుళ్లలో ఆరిపోతుంది. తర్వాతి కాలపు అంబాసిడర్లలో ముందు చక్రాలకి డిస్కులు వచ్చాయి కనుక సామాను కూడా అదే జాతిది దొరుకుతుంది. ఏ చిన్న కారు క్యాలిపర్లనో (ప్యాడ్‌లని నొక్కే భాగాలు) తెచ్చి, ఇనుప పలక కోసి బిగించే పని కంటే అది వెయ్యి రెట్లు నయం. చక్రాలు 15 అంగుళాలవి కాబట్టి చోటుకీ కరువుండదు.

అయితే డిస్క్ వేయించడమంటే డిస్క్ ఒక్కటే వేయించడం కాదు. డ్రమ్ము తిరిగే వైపే తెరుచుకునే షూ తనంతట తనే డ్రమ్ముకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. మన బండికి ముందు చక్రాల్లో రెండు షూలూ అలాంటివే. డిస్క్‌కి ఆ సాయం లేదు కనుక కాలి బలం సరిపోదు, బూస్టర్ కావాలి. క్యాలిపర్ పిస్టన్ పెద్దది, ఎక్కువ ఆయిల్ అడుగుతుంది, కాబట్టి పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) పెంచాలి. ముప్పావు అంగుళం బోర్‌ని ఏడు బై ఎనిమిది చేశారనుకోండి, అదే ఒత్తిడి రావడానికి కాలు 36 శాతం ఎక్కువ బలంతో తొక్కాలి. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లో లైన్‌లో కొద్దిగా ఒత్తిడి నిలబెట్టే వాల్వ్ ఉంటుంది. అది తీయకపోతే ప్యాడ్‌లు ఎప్పుడూ డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటాయి. ముందు చక్రాలకి ఇన్ని మార్చి వెనక చక్రాలకి పాత లెక్కే ఉంచితే, ముందువెనకల పొత్తు చెడవచ్చు. తెలిసిన మెకానిక్ చేతిలో ఇదంతా కుదురుతుంది. అరకొర తెలిసినవాడి చేతిలో పడితే ఉన్నదీ పోతుంది.

ఇంకో మాట. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులు ఉండకూడదు. ఆ జాబితాలో బ్రేకుల పేరు లేదు నిజమే, కానీ ఆ వింటేజ్ నంబర్ ప్లేటు మీద మనసున్నవాళ్లు ముందు చక్రాల సామానంతా మార్చే ముందు రెండుసార్లు ఆలోచించుకోవడం మంచిది.

ఇక బూస్టర్. చాలామంది దీన్ని బ్రేకు పెంచేది అనుకుంటారు. అది పెంచేది మీ కాలి బలాన్ని, బ్రేకుని కాదు. పెట్రోల్ ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం, అంటే మానిఫోల్డ్‌లోంచి వ్యాక్యూమ్ తీసుకుని పనిచేస్తుంది (డీజిల్ అంబాసిడర్‌కైతే విడిగా పంపు పెట్టాలి). మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, సిటీలో రోజూ తిప్పేవాళ్లకి ఇది వరమే. కానీ నా సమస్య పెడల్ బరువు కాదు, పెడల్ జారిపోవడం. వేడెక్కిన లైనింగ్‌ని ఇంకా గట్టిగా నొక్కితే ఇంకా వేడెక్కుతుంది, అంతే.

నన్ను మూడో దారికి తెచ్చింది సుద్దముక్క. డ్రమ్ము లోపలంతా సుద్ద రాసి, బిగించి, చక్రం తిప్పుతూ బ్రేకు నొక్కి విప్పి చూశాను. షూ మీద తెల్లగా అంటింది మధ్యలో బెత్తెడు కూడా లేదు. రెండు చివర్లూ నల్లగా అలాగే ఉన్నాయి. ఎందుకో తర్వాత అర్థమైంది. డ్రమ్ములు ఎప్పుడో లేత్ మీద టర్నింగ్ పట్టించారు, అంటే లోపలి వ్యాసం పెరిగింది. షూలకి మాత్రం కొత్త డ్రమ్ము కొలతకి తగ్గ లైనింగే వేస్తున్నారు. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టినట్టు, అది మధ్యలోనే ఆనుతుంది.

రాపిడికి విస్తీర్ణంతో పనిలేదని స్కూల్లో చదువుకున్నాం కదా అని మా తమ్ముడు వాదించాడు. చల్లగా ఉన్నంతసేపు వాడి మాట చాలావరకు నిజమే, అందుకే ఊళ్లో బ్రేకు బాగానే ఉన్నట్టు అనిపించేది. ఘాట్‌లో పుట్టిన వేడంతా ఆ బెత్తెడు లైనింగే మోయాలి. అది ముందుగా మాడి, అద్దంలా నునుపెక్కి, పట్టు వదిలేస్తుంది. ఘాట్‌లో బండి ఆపే శక్తి చివరికి తేలేది షూ డ్రమ్ముకి ఎంత మేర ఆనుతోందన్న దగ్గరే. ఇది చూసుకోకుండా పెట్టే ఖర్చు ఏదైనా నా లెక్కలో వృథా.

చేయించింది ఇదీ. నాలుగు డ్రమ్ములూ లేత్ మీద గుండ్రంగా సమం చేయించాను. డ్రమ్ము మీద గరిష్ఠ కొలత అచ్చు వేసి ఉంటే దాన్నే నమ్మండి, లేకపోతే అసలు వ్యాసం మీద ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటనివ్వకండి, దాటితే డ్రమ్ము మార్చడమే. ఇక్కడ నాకో దెబ్బ తగిలింది. మొదట వెళ్లిన షాపువాడు "ఎడమది బాగానే ఉంది సార్" అని ముందు కుడి డ్రమ్ము ఒక్కటే పట్టాడు. బండి బ్రేకు వేసినప్పుడల్లా పక్కకి లాగేది. ఒకే యాక్సిల్ మీది రెండు డ్రమ్ములూ ఒకే కొలతకి రావాలి. అది వాడికి తెలియదు, నేను అడగలేదు.

తర్వాత కాస్త మందం లైనింగ్ వేయించి, షూ వంపుని ఆ కొత్త వ్యాసానికి సరిపోయేలా అరగదీయించాను. ఇది చేసేవాళ్లు తగ్గిపోయారు. పాత లారీ బ్రేకు షాపుల్లో వెతకాలి. దొరక్కపోతే డ్రమ్ము లోపల ఉప్పుకాగితం అంటించి షూని దానికి రుద్దుతూ, సుద్దతో చూసుకుంటూ చేతితోనే తెచ్చుకోవచ్చు. నాకు ఒక్కో చక్రానికి ఒక పూట పట్టింది. పాత లైనింగ్ పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, కంప్రెసర్ గాలితో ఊదకండి. తడిగుడ్డతో తుడవండి, ముక్కుకి మాస్క్ కట్టుకోండి.

ఆఖర్న అడ్జస్ట్‌మెంట్. ముందు చక్రంలో ఒక్కో షూకి ఒక్కో అడ్జస్టర్. ఒకటే తిప్పి రెండోది మర్చిపోయిన బండ్లు ఎన్ని చూశానో. చక్రం ఆగేదాకా బిగించి, పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి, స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. తర్వాత రెండోది.

మిగతావి నాలుగు ముక్కల్లో. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి, డాట్ 4 రకం ఆయిల్ మరిగేది 230 డిగ్రీల దగ్గర, తేమ పీల్చుకుంటే అది 155కి పడిపోతుంది. రబ్బరు హోసులు పాతవైతే కొత్తవి వేయండి. ముందువెనకలకి వేరు లైన్లు ఇచ్చే జంట మాస్టర్ సిలిండర్ మంచిదే, బ్రేకు పెరగదు గానీ ఒక హోసు పగిలితే ప్రాణం మిగులుతుంది. డ్రమ్ముకి, దాని వెనక మూసే ప్లేటుకి గాలి కోసం కన్నాలు పెట్టించుకోవడం మాత్రం వద్దు, గాలితోపాటు బురదా వస్తుంది.

రోజూ హైవే మీద వంద దాటి నడిపేవాళ్లయితే డిస్కుకి వెళ్లండి, బూస్టర్‌తో సహా, మొత్తం సెట్టు. ఆదివారాలు తిప్పుకుంటూ, ఏడాదికి రెండుసార్లు ఘాట్ ఎక్కే నాలాంటివాళ్లకి డ్రమ్ములే చాలు. చల్లగా ఉన్నప్పుడు ఆ డ్రమ్ములే చక్రాల్ని కట్టిపడేయగలవు. అక్కడి నుంచి బండిని ఆపాల్సింది టైరే, డిస్క్ వేసినా అంతే.

కార్తీకంలో మళ్లీ అదే ఘాట్ దిగాను, సెకండ్ గేరులో, బ్రేకు మీద కాలు అదేపనిగా పెట్టకుండా. ఎస్.కోట దాకా పెడల్ ఎత్తు మారలేదు. ఒక్క చోట మాత్రం ఇప్పటికీ గుండె దడే. మా ఇంటి ర్యాంపు మీద బండి వెనక్కి జారితే ముందు షూలు రెండూ తమ సొంత పట్టు కోల్పోతాయి, హ్యాండ్ బ్రేకే దిక్కు. డిస్కులవాళ్లకి ఈ బాధ లేదు, ఒప్పుకుంటాను.