రోజూ పావుగంటా, ఆదివారం మూడు గంటలా: రాయడానికి ఏది మేలు?

నాలుగేళ్లు నేను ఆదివారాలే రాశాను. రోజూ ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వెళ్లి ఉద్యోగం చేసి రావాలి. ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండదు. వారానికోసారి మూడు గంటలు గట్టిగా కూర్చుంటే చాలనుకున్నాను. ఏడాదిన్నర కిందట పద్ధతి మార్చాను. పొందూరు దాటాక నోటుబుక్కు తీస్తాను, చీపురుపల్లి రాకముందే మూసేస్తాను. పావుగంట పని. రెండూ చేసి చూశాక నాకు తోచింది ఇది: కొత్తగా రాయడం మొదలుపెట్టేవాళ్లకు రోజూ కొంచెం రాయడమే మేలు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన కారణం మాటలు. ఒకరోజు చేపల గంపతో ఎక్కిన ఒకావిడ "బేగి జరుగు తల్లీ, గంప దించాల" అంది. అందులో తొందరా ఉంది, చనువూ ఉంది. అదే మంగళవారం విని ఆదివారం రాసి ఉంటే నా కాగితం మీద "త్వరగా జరగండి" అయిపోయేది. పాత కాగితాలు తీసి చూస్తే అందరూ ఒకేలా, పాఠ్యపుస్తకంలో మనుషుల్లా మాట్లాడుతున్నారు. మనుషులు మాట్లాడే తెలుగునే రాతలోకి తేవాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది మా శ్రీకాకుళం జిల్లాలోనే. అలాంటి చోట ఉండి 'బేగి'ని నేనే చెరిపేస్తున్నానని తెలిసినప్పుడు బాధేసింది. ఇప్పుడు విన్నరోజే రాసేస్తున్నాను.

రెండోది టెన్షన్. వారమంతా ఎదురుచూసి కూర్చుంటాం కదా, ఆ మూడు గంటల్లో గొప్పది ఏదో రావాలనిపిస్తుంది. మొదటి గంట కొట్టివేతలతోనే పోతుంది. రైల్లో అలా ఉండదు. ఇవాళ బాగా రాకపోతే రేపు మళ్లీ పొందూరు వస్తుంది. పైగా ఆదివారం మన చేతిలో ఉండదు. పెళ్లో, చుట్టాలో వస్తే మళ్లీ కలం పట్టేది రెండు వారాల తర్వాతే. రోజూ రాసేవాళ్లకు ఒకరోజు తప్పినా పెద్దగా పోయేదేం లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అది తిండి, వ్యాయామం లాంటి అలవాట్ల గురించి. అలవాటు కుదరడానికి మనిషిని బట్టి చాలా తేడాతో దాదాపు 66 రోజులు పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు.

మరి ఆదివారం దండగా? కాదు. పావుగంటల్లో కథ పూర్తికాదు, ముక్కలు మాత్రమే పోగవుతాయి. వాటిని అతకాలన్నా, అక్కర్లేనివి తీసేయాలన్నా లేవకుండా కూర్చోవాలి. విజయనగరంలో ఉండి రాసిన గురజాడ అప్పారావు డైరీలూ రాసుకున్నారు, 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. అంత తిరగరాత రైలు ప్రయాణంలో అయ్యేది కాదు.

ఫోనా, నోటుబుక్కా అంటే నాకు నోటుబుక్కే. ఫోన్లో తర్వాత వెతుక్కోవడం తేలికే కానీ, తీసిన రెండు నిమిషాలకే వాట్సాప్‌లోకి వెళ్లిపోతాను. నిలబడి ప్రయాణం చేసేవాళ్లకు మాత్రం ఫోనే నయం.

ఒక్క విషయంలో రోజూ రాయడం నాకు మేలు చేయలేదు. నాన్న పోయినప్పుడు రెండు నెలలు రోజూ అదే రాశాను, ఆసుపత్రి వరండా, ఆ రాత్రి. రాసినకొద్దీ అక్కడే తిరిగాను. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986 నాటి ప్రయోగంలో విద్యార్థులతో తమ బాధల గురించి రోజుకు పావుగంట చొప్పున వరసగా నాలుగు రోజులే రాయించారు. ఆ తర్వాతి నెలల్లో వాళ్లలో కొందరు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గిందని తేలింది. నాలుగు రోజులు, అంతే. దుఃఖానికి అలాంటి హద్దు పెట్టుకోమనే నేను చెబుతాను.

ఇప్పుడు నా ఆదివారం మారింది. ఖాళీ కాగితంతో కాకుండా, ఆ వారం రైల్లో రాసిన ఆరు పేజీలు ముందేసుకుని కూర్చుంటున్నాను. గంపావిడ మాట నుంచి మొదలైన కథ మూడో ఆదివారానికి తొమ్మిది పేజీలైంది. ఆవిడ ఏ స్టేషన్లో దిగుతుందో ఇంకా రాయలేదు.