ఏడేళ్ల పిలాటిస్ తర్వాత: ఊపిరి గురించి, బొడ్డు గురించి

పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతి ఏమిటి, నేల మీద పరిచే మ్యాట్ మంచిదా, స్ప్రింగులున్న పరికరం రిఫార్మర్ మంచిదా అన్నవి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాసేది ఊపిరి గురించి. ఏడేళ్లుగా వారానికి నాలుగు రోజులు మ్యాట్ మీదే చేస్తున్నాను. మొదటి రెండేళ్లు హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో, ఆ తర్వాత మా ఇంటి హాల్లో. ఇందులో నాకు అన్నిటికంటే మేలు చేసిందీ, నన్ను బాగా దెబ్బతీసిందీ రెండూ ఊపిరి దగ్గరే ఉన్నాయి.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరం, ఉదరవితానం (డయాఫ్రమ్), దాని బొమ్మ ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను. గాలి పీల్చినప్పుడు అది కిందికి దిగుతుందనీ, పక్కటెముకలు పైకీ బయటికీ జరుగుతాయనీ నేను చెబుతాను, పిల్లలు రాసుకుంటారు. నా ఒంట్లో అది సరిగా జరగడం లేదని మ్యాట్ మీద పడుకున్న మొదటి వారంలో తెలిసింది. ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి నా పక్కటెముకల చుట్టూ చున్నీ చుట్టి, రెండు కొసలూ ముందువైపు అడ్డంగా పట్టుకోమంది. "మేడమ్, ఊపిరితో చున్నీని పక్కలకి తొయ్యండి, భుజాలు ఎత్తకండి" అంది. చున్నీ కదల్లేదు, భుజాలే లేచాయి. అన్నేళ్లూ మెడ కండరాలతో పై ఎముకలు ఎత్తుకుని బతికానన్నమాట.

చున్నీ కదలడానికి మూడు వారాలు పట్టింది. ఆ రోజు నాకు బాగా గుర్తు. పై పక్కటెముకలు బోరింగు కాడలా ముందుకు లేస్తాయి, కిందివి బకెట్ పిడిలా పక్కలకి లేస్తాయి. పుస్తకంలో ఉన్న ఆ పోలిక నా చేతుల కింద జరిగింది. ఇంకో నెలకి క్లాసులో తేడా కనబడింది. రోజూ నాలుగో పీరియడ్‌కి బొంగురుపోయే గొంతు నిలబడింది. వెనక బెంచీకి వినబడాలంటే గొంతు చించుకోవాలనుకునేదాన్ని. కింది ఎముకల దాకా గాలి తీసుకుని, వాటిని మెల్లగా మూసుకోనిస్తూ మాట్లాడితే అరవాల్సిన పనే లేదు. పిలాటిస్‌లో ఇంకేదీ నేర్పకపోయినా ఈ ఒక్కదానికే నేను కట్టిన ఫీజు దక్కినట్టే.

దీని వెనకున్న శరీర నిర్మాణం చాలా అందమైనది. ఉదరవితానం కింది ఆరు జతల పక్కటెముకలకి లోపలివైపు అతుక్కుని ఉంటుంది. పొట్ట చుట్టూ నడికట్టులా తిరిగే అడ్డ కండరం, ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్, పుట్టేది కూడా ఆ ఆరు ఎముకల మృదులాస్థుల లోపలి నుంచే. రెండిటి పోగులూ అక్కడ వేళ్లలో వేళ్లు దూర్చినట్టు కలిసి ఉంటాయి. ఊపిరి పూర్తిగా వదిలితే ఎముకలు లోపలికి ముడుచుకుంటాయి, నడికట్టు తనంతట తానే బిగుస్తుంది. వేరే ప్రయత్నం అక్కర్లేదు. హండ్రెడ్ అనే వ్యాయామంలో ఐదు లెక్కలు పీల్చి, ఐదు లెక్కలు వదిలి, అలా పదిసార్లు చేయించేది ఇందుకేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆలస్యం ఎందుకంటే స్టూడియోలో ఇంకో మాట ఉండేది: "బొడ్డు వెన్నుకి అంటించండి." ప్రతి వ్యాయామానికీ అదే మాట. ఎప్పుడు వదలాలో ఎవరూ చెప్పలేదు. నేను బుద్ధిమంతురాలైన విద్యార్థిని. బోర్డు ముందు, మెట్రోలో, వంట చేస్తూ, రోజంతా బొడ్డు లాగిపెట్టే ఉంచాను. చూసేవాళ్లు సన్నబడ్డావన్నారు, సంతోషించాను.

మూడో ఏడాది చలికాలంలో స్టాఫ్ రూంలో తుమ్మాను. చీర తడిసింది. రెండు కాన్పులైన దాన్ని, వయసు నలభై ఏడు, ఇది మామూలే అనుకున్నాను. సెంటర్, అంటే పొట్టా నడుమూ, బలంగా లేదేమోనని ఇంకా గట్టిగా లాగడం మొదలుపెట్టాను. ఎనిమిది నెలల్లో దగ్గితే, మెట్లు గబగబా దిగితే కూడా అదే పరిస్థితి. రెండు పీరియడ్ల మధ్య బాత్రూం ఎక్కడుందో చూసుకునే బతుకైంది. ఈ విషయం మా చెల్లికి కూడా చెప్పుకోలేదు.

చివరికి వెళ్లింది ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి. ఆమె ఒక చెయ్యి నా పక్కటెముకల మీద, ఒకటి పొట్ట మీద పెట్టి ఇరవై దాకా పైకి లెక్కపెట్టమన్నారు. ఏడు దగ్గర ఆపేశారు. "మేడమ్, మీరు పొట్ట ఎప్పుడు వదులుతారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు పాల ప్యాకెట్ సంగతి చెప్పారు. ప్యాకెట్‌ని నడుమ పట్టి పిసికితే పాలు పైకీ కిందికీ తన్నుతాయి. పొట్టని అస్తమానం బిగించి ఉంచితే పైన ఉదరవితానం దిగడానికి చోటుండదు, మళ్లీ మెడతోనే పీలుస్తాం. కింద పెల్విక్ ఫ్లోర్ మీద, అంటే మూత్రాశయాన్ని అడుగు నుంచి మోసే కండరాల మీద, బరువు పడుతుంది. పీల్చినప్పుడు ఆ కండరాలు కాస్త దిగాలి, వదిలినప్పుడు లేవాలి, ఉదరవితానంతో జతగా. నావి దిగడమే మానేశాయి. రోజంతా పిడికిలి బిగించి ఉంచితే చేతికి బలం రాదు కదా, అదే జరిగింది. చున్నీతో నేర్చుకున్నదంతా బొడ్డు లాగుడుతో నేనే పోగొట్టుకున్నాను.

మూడు నెలలు హండ్రెడ్ లేదు, ప్లాంక్ లేదు. మోకాళ్లు మడిచి పడుకుని ఊపిరి తీయడం, పొట్ట పూర్తిగా వదలడం. బరువెత్తే ముందు, తుమ్ము వచ్చే ముందు కింది కండరాన్ని పైకి తీసుకోవడం. పొట్ట వదలడమే అన్నిటికంటే కష్టమైంది. ఇప్పుడు చాలావరకు తగ్గింది. జలుబు గట్టిగా పట్టిన వారంలో మాత్రం ఇంకా జాగ్రత్తగానే ఉంటాను.

బొడ్డు మాట పూర్తిగా తప్పని అనను. మొదటి వారంలో ఆ కండరం ఎక్కడుందో తెలియడానికి పనికొస్తుంది. కానీ ఈ సూత్రాలు రాతి మీద చెక్కినవేం కావు. జోసెఫ్ పిలాటిస్ తన పద్ధతికి పెట్టుకున్న పేరు కంట్రాలజీ. వెన్ను నేలకి చదునుగా అంటాలన్నాడాయన. ఇవాళ చాలామంది నడుం దగ్గర సహజమైన వంపు ఉంచి, తుంటి ముందున్న రెండు ఎముక మొనలూ, పొత్తికడుపు కిందున్న జఘనాస్థీ ఒకే మట్టంలో ఉండాలని నేర్పుతున్నారు. ఏకాగ్రత, అదుపు, కేంద్రం, ఊపిరి, కచ్చితత్వం, ప్రవాహం అనే ఆరు సూత్రాల జాబితా కూడా 1967లో ఆయన పోయాక తర్వాతివాళ్లు కూర్చిందే.

భుజం రెక్కల విషయంలోనూ నాది ఇలాంటి ఫిర్యాదే. "రెక్కలు కిందికి" అని ఊరికే అంటారు. రెక్క ఎముకని మొండెంతో కలిపే ఎముక జత్రుక (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) ఒక్కటే, మిగతా ఆధారమంతా కండరాలే. బోర్డు పైభాగంలో రాయాలంటే చెయ్యి లేవాలి, చెయ్యి పూర్తిగా లేవాలంటే రెక్క పైకి తిరగాలి. కిందికి లాగిపెడితే చెయ్యి సగంలో ఆగిపోతుంది.

నడుం నొప్పి సంగతి. మొదటి ఆరు నెలల్లో తగ్గింది, పిలాటిస్ వల్లేనని స్టాఫ్ రూం మొత్తానికి చెప్పాను. ఆ ఏడాదే కాలేజీకి దగ్గరగా ఇల్లు మారాం, రోజూ రెండు గంటల బస్సు ప్రయాణం తప్పింది. అది కూడా చెప్పి ఉండాల్సింది. నడుం నొప్పికి పిలాటిస్ మీద 10 అధ్యయనాలని, 510 మందిని కలిపి చూసిన 2015 నాటి సమీక్ష (వైద్య పరిశోధనలని బేరీజు వేసే కాక్రేన్ సంస్థది) కూడా పెద్దగా ఏమీ చేయకుండా ఉండటం కంటే ఇది మేలనే చెప్పింది. వేరే వ్యాయామాల కంటే మేలనడానికి గట్టి రుజువు దొరకలేదంది.

ఇంకొకరికి చేయమని చెప్పాలా అంటే, నా పరిస్థితి చెప్పకుండా చెప్పలేను. నాకిప్పుడు యాభై ఒకటి, నెలసరి ఆగిపోయింది. నిరుడు డెక్సా స్కానులో ఎముకల సాంద్రత తగ్గినట్టు వచ్చింది. వెన్నుని ముందుకి గట్టిగా ముడిచేవి వద్దన్నారు. జోసెఫ్ పిలాటిస్ 1945 నాటి పుస్తకంలోని 34 వ్యాయామాల్లో మొదటివి చాలావరకు అలాంటివే: హండ్రెడ్, రోల్ అప్, రోల్ ఓవర్. నేను వాటిని వదిలేసి బోర్లా పడుకుని చేసే స్వాన్, స్విమ్మింగ్ అనేవీ, పక్కకి పడుకుని కాళ్లు కదిపేవి ఉంచుకున్నాను. పాతికేళ్ల అమ్మాయికి ఈ లెక్కలేవీ అక్కర్లేకపోవచ్చు.

కాన్పులైనవాళ్లు, రోజంతా నిలబడి మాట్లాడే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు చేరితే, మొదటి రోజే చున్నీ చుట్టించుకోండి. బొడ్డు లాగమన్నప్పుడు మళ్లీ ఎప్పుడు వదలాలో అక్కడే అడగండి.