ర్యామ్‌కి కళ్లెం: యూలిమిట్, సీగ్రూప్, ఎర్లీఊమ్‌లలో ఏది మేలు?

నాది 8 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ ల్యాప్‌టాప్. బ్రౌజర్‌లో నలభై ట్యాబులు, పక్కన యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో. ఉన్నట్టుండి మౌస్ కదలదు, పాట ముక్కలుముక్కలుగా వస్తుంది, డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంది. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో, మెమరీ నిండితే ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపే ఊమ్ కిల్లర్ ఉందిగా అంటే, అది నిద్ర లేచేసరికి నా వేలు పవర్ బటన్ మీద ఉంటుంది.

చాలామంది ముందు పట్టుకునేది యూలిమిట్‌ని, అంటే ప్రోగ్రామ్‌లు వాడే వనరులకి హద్దు పెట్టే కమాండ్‌ని. దాని లెక్క ఒక్కో ప్రాసెస్‌కి (నడుస్తున్న ప్రోగ్రామ్ ముక్కకి) విడివిడిగా. తలా 2 జీబీ అని హద్దు పెట్టినా, పది ప్రాసెస్‌లు కలిస్తే 20 జీబీ అడగొచ్చు. పైగా అది కొలిచేది వాడిన ర్యామ్‌ని కాదు, రిజర్వ్ చేసుకున్న అడ్రస్ స్పేస్‌ని. క్రోమ్ లాంటివి ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్‌లు విసిరినట్టు ముందే బోలెడు జాగా పట్టేసుకుంటాయి. యూలిమిట్ ఆ కర్చీఫ్‌లకీ టికెట్ కొడుతుంది. హద్దు కాస్త బిగిస్తే బ్రౌజర్ అసలు తెరుచుకోదు.

ప్రాసెస్‌లని గుంపుగా కట్టి హద్దు పెట్టే కెర్నల్ సదుపాయం సీగ్రూప్. అది మాత్రం ఎక్కిన మనుషుల్నే, అంటే నిజంగా వాడిన ర్యామ్‌నే లెక్కపెడుతుంది, అదీ బ్రౌజర్ ప్రాసెస్‌లన్నిటినీ కలిపి. మెనూలో బ్రౌజర్‌ని తెరిచే కమాండ్‌కి ముందు, దాన్ని విడి సీగ్రూప్‌లో నడిపే సిస్టమ్‌డి-రన్ చేర్చి, యూజర్ స్కోప్‌లో (మన లాగిన్ కింద ఏర్పడే ఆ గుంపులో) మెమరీహై, మెమరీమ్యాక్స్ అనే రెండు హద్దులు ఇస్తే చాలు. హై దాటితే బ్రౌజర్ నెమ్మదిస్తుంది, మ్యాక్స్‌కి తగిలితే ఆ గుంపులోనే ఒకటి చస్తుంది. క్రోమ్ తన ట్యాబులనే ముందు బలికి పెడుతుంది కాబట్టి సాధారణంగా పోయేది ఒక ట్యాబే. హై మరీ తక్కువ పెడితే మాత్రం స్క్రోల్ చేయడమే నరకం. నేను 2 జీబీతో ఒక పూట పడ్డాను, చాలు.

ఎర్లీఊమ్ వెనకాల నడిచే చిన్న ప్రోగ్రామ్. అది హద్దులు పెట్టదు, కాపలా కాస్తుంది. ఖాళీ ర్యామ్, స్వాప్ (ర్యామ్ చాలకపోతే వాడే డిస్క్ జాగా) రెండూ 10 శాతం కంటే తగ్గితే పెద్ద ప్రాసెస్‌ని మర్యాదగా వెళ్లమంటుంది, 5 శాతానికి దిగితే గెంటేస్తుంది. ఫెడోరా అనే లినక్స్ రకం 2020లో దీన్ని వర్క్‌స్టేషన్ ఎడిషన్‌లో డిఫాల్ట్‌గా పెట్టి, 2021లో సిస్టమ్‌డి-ఊమ్‌డీ అనే ఇంకో కాపలాదారుకి మారింది. ఆ కొత్తది చంపితే సీగ్రూప్ మొత్తాన్నీ చంపుతుంది, అంటే ట్యాబు కాదు, బ్రౌజరంతా. అందుకే నాకు పాతదే ఇష్టం.

యూజర్ స్లైస్ (నా లాగిన్‌లో నడిచే వాటన్నిటి సీగ్రూప్) మొత్తానికి ఒకే హద్దు పెడితే? పెట్టి, తీసేశాను. అక్కడ బలయ్యేది బ్రౌజరే అని గ్యారంటీ లేదు, తెర మీద డెస్క్‌టాప్‌ని నడిపే డెస్క్‌టాప్ షెల్ పోతే తెరిచినవన్నీ పోవచ్చు.

ఇప్పుడు బ్రౌజర్‌కి హై 3 జీబీ, మ్యాక్స్ 3.5. మిగతాదానికి ఎర్లీఊమ్ కాపలా. మొన్న బిల్డ్ నడుస్తుండగా ఒక మ్యాపు ట్యాబు పోయింది. రీలోడ్ నొక్కాను, బిల్డ్ మాత్రం ఆగలేదు.