ఘాటీలో కారి, షెడ్డులో ఆరిన డీజిల్: ఒక అధీకృత వర్క్‌షాపులో నా లారీ మరమ్మతు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఒక అధీకృత డీలరు వర్క్‌షాపులో నా పది టైర్ల లారీకి డీజిల్ లీకేజీ పని చేయించాను. డీలరు పేరు గానీ, బండి కంపెనీ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. చదివేవారికి పేరు కంటే పని జరిగిన తీరే ఎక్కువ ఉపయోగపడుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: అక్కడ చేతిపని తెలిసినవారు ఉన్నారు, మంచి పరికరాలు ఉన్నాయి, కంపెనీ సామాను దొరుకుతుంది, అయితే బండి ఆ చేతుల దాకా వెళ్లకముందే, ఫిర్యాదు రాసుకునే బల్ల దగ్గరే పని సగం చెడుతుంది.

నేను జయపురం నుంచి విశాఖపట్నం లైనులో సొంత బండి నడుపుకొంటాను. దిగేటప్పుడు బియ్యం, ఎక్కేటప్పుడు ఇనుము లేదా సిమెంటు. సాలూరు దాటగానే 26వ నంబరు జాతీయ రహదారి కొండెక్కడం మొదలుపెడుతుంది. కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, నిండు లోడుతో వచ్చే బండి ఇంజనుకు ఈ దారిలో విశ్రాంతి ఉండదు. ఈ ఎక్కుడులోనే క్యాబిన్‌లోకి పచ్చి డీజిల్ వాసన రావడం మొదలైంది. సుంకి దాటి పొట్టంగి చేరేలోపు పికప్ తగ్గిపోయి, డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలిగింది. బండి పక్కకు ఆపి చూస్తే ఇంజను ఎడమ పక్కంతా తడిసి ఉంది, ఫిల్టరు కింద నుంచి బొట్లు పడుతున్నాయి. జయపురం చేరి సరుకు దింపి, బండి చల్లారాక చూస్తే మాత్రం ఒక్క బొట్టు లేదు. తడి మీద దుమ్ము పట్టి నల్లటి జిడ్డు మిగిలింది, అంతే.

వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజరుకు ఈ సంగతంతా వివరంగా చెప్పాను. లోడు ఉన్నప్పుడే, ఎక్కుడులోనే కారుతోందని, ఖాళీ బండిలో కారడం లేదని రెండోసారి కూడా చెప్పాను. మర్యాదస్తుడే, తెలుగు చక్కగా మాట్లాడతాడు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది కాబట్టి, ఇక్కడ కౌంటరు దగ్గర తెలుగుకు లోటు ఉండదు. విన్నాడు, తల ఊపాడు, కంప్యూటరులో "డీజిల్ లీకేజీ, చెక్ చేయాలి" అన్న ఒక్క ముక్క కొట్టి జాబ్ కార్డు చేతిలో పెట్టాడు. లోడు మాట లేదు, ఎక్కుడు మాట లేదు. బండి షెడ్డులోకి వెళ్లింది, ఒక కుర్ర మెకానిక్కు స్టార్టు చేసి కాసేపు నిలబెట్టి చూశాడు. ఏమీ కారలేదు. బొట్లు పడిన చోటు ఫిల్టరు కింద కాబట్టి ఫిల్టరు హెడ్డు మార్చారు, డీజిల్ పైపులను బిగించే బాంజో బోల్టుల కాపర్ వాషర్లు మార్చారు, హేండ్ పంపుతో పైపుల్లో చేరిన గాలి తీశారు, ఇంజను కడిగి బండి అప్పగించారు. బిల్లులో సామాను ధరా, లేబరూ, దాని మీద 18 శాతం జీఎస్‌టీ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. చేసిన పనిలో కూడా లోపం లేదు. కాపర్ వాషరును ఒకసారి బిగించి విప్పాక మళ్లీ వాడకూడదన్న నియమం పాటించారు, ఎంత బిగువు కావాలో అంతే బిగించే టార్క్ రెంచితో బిగించారు. కాకపోతే ఆ పని నా బండికి అవసరమైన పని కాదు.

మరుసటి ఎక్కుడులో అదే వాసన, అదే దీపం.

ఇది ఎందుకు జరిగిందో సొంత బండ్లు ఉన్నవారందరూ తెలుసుకోవడం అవసరం. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లలో డీజిల్‌ను కామన్ రైల్ పద్ధతిలో, అంటే అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండే ఒక గట్టి గొట్టంలో (దీన్నే రైల్ అంటారు) ఎక్కువ ఒత్తిడితో నింపి, అక్కడి నుంచి ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు పంపుతారు. లారీ టైరులో మనం పట్టించే గాలి సుమారు ఎనిమిది బార్ ఒత్తిడి. కామన్ రైల్ గొట్టంలో, బండి నిలబడి ఉండి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు కూడా ఒత్తిడి వందల బార్‌లలో ఉంటుంది. నిండు లోడుతో ఎక్కుతున్నప్పుడు 1,600 బార్ దాటుతుంది, కొన్ని ఇంజన్లలో 2,000 బార్ దాకా వెళుతుంది. గొట్టం కీలు దగ్గర వెంట్రుకవాసి సందు ఉంటే నిలబెట్టిన బండిలో అది బయటపడకపోవచ్చు, లోడు పడినప్పుడు మాత్రం పిచికారీలా చిమ్ముతుంది. చిమ్మిన డీజిల్ ఇంజను బ్లాకు మీదుగా, వైరింగు మీదుగా జారి అన్నింటికంటే కిందనున్న చోటు నుంచి బొట్టుగా పడుతుంది. బొట్టు పడిన చోటే లీకు ఉందనుకోవడం, షెడ్డులో నిలబెట్టి చూసి లీకు లేదనుకోవడం, ఈ రెండూ కలిసే మొదటి బిల్లు తయారైంది. జాబ్ కార్డులో "లోడుతో ఎక్కుడులో మాత్రమే" అన్న మాట ఉండి ఉంటే ఆ కుర్రవాడు కూడా వేరే విధంగా ఆలోచించేవాడని నా నమ్మకం.

రెండోసారి వెళ్లినప్పుడు అడ్వైజరుతో వాదించకుండా, షెడ్డులో పెద్ద మేస్త్రి ఎవరో ఆయనతోనే మాట్లాడతానని పట్టుబట్టాను. కొంచెం గొణిగినా ఒప్పుకున్నారు. వచ్చినాయన వయసు మళ్లినవాడు. బండి దగ్గరకు రాకముందే ప్రశ్నలు వేశాడు: ఏ గేరులో ఎక్కుతున్నారు, వాసన ముందొచ్చిందా దీపం ముందు వెలిగిందా, ఆపిన తరువాత ఎంతసేపటికి ఆరింది, పొద్దున సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటోందా. చివరి ప్రశ్న ఎందుకని అడిగితే, ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నది పీల్చుకునే లైను కాబట్టి అక్కడ సందు పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది, అప్పుడు పొద్దున్నే బండి ఒక పట్టాన అందుకోదు అని వివరించాడు. నా బండి ఇట్టే అందుకుంటోంది కాబట్టి ఆ వైపు వెతకనక్కరలేదని తేల్చాడు. ఇంజను ఆయిలు గేజి తీసి మట్టం చూశాడు, వాసన చూశాడు. లోపల కారి డీజిల్ ఆయిలులో కలిస్తే మట్టం పెరుగుతుందట. అదీ సరిగానే ఉంది.

అప్పుడు ఇంజను ఎడమ పక్కంతా కడిగించి, గాలి కొట్టించి, చుక్క తడి లేకుండా ఆరనిచ్చాడు. ఆరిన గొట్టాల మీద, కీళ్ల మీద తెల్లటి పౌడరు పలచగా చల్లాడు. ఇంజను కంప్యూటరుకు కలిపే స్కానరు తగిలించి రైల్ ఒత్తిడి పెంచమని కుర్రవాడికి చెప్పి, ఒక అట్టముక్కను కర్రకు కట్టి దూరం నుంచే గొట్టాల వెంబడి మెల్లగా జరిపాడు. మూడో నాజిలు గొట్టం దగ్గరకు రాగానే అట్ట మీద గోటి వెడల్పున తడి మరక లేచింది. అదే సమయంలో మా క్లీనరు ఉత్సాహం పట్టలేక వేలు పెట్టబోయాడు. "ఒరే తమ్ముడూ, చెయ్యి తియ్యి! కంటికి కనబడదు, చర్మంలోకి దూరిపోతుంది" అని మేస్త్రి వాడి మణికట్టు పట్టి వెనక్కి లాగాడు. ఆ హెచ్చరిక అతిశయోక్తి కాదు. అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతే పైకి సూదిమొన గాయమే కనిపిస్తుంది గానీ, లోపల కండ చెడిపోయి వెంటనే శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది. ఆలస్యమైతే వేలు తీసేయవలసి రావచ్చు. ఇంజను ఆపాక కూడా ఒత్తిడి దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగి, ఆ తరువాతే స్పానరు పట్టుకున్నాడు.

గొట్టం విప్పి నా చేతిలో పెట్టాడు. వంపు దగ్గర పూత పోయి, వెండిలా మెరిసే చిన్న గీత ఉంది. దాని పక్క గొట్టాలకు బిగించే రబ్బరు వేసిన క్లిప్పు అక్కడ లేదు. క్లిప్పు లేని గొట్టం ఇంజను తిరిగినంతసేపూ వణుకుతుంది. వణికి వణికి పక్కదానికి రాసుకుని అరిగింది, ఆ అదురుకే పైన గొట్టం చివరి కోన్ (శంఖు ఆకారపు మొన) కూర్చునే చోటు కూడా వదులైంది. ఈ బండికి అంతకుముందు నాజిళ్ల పని ఇదే వర్క్‌షాపులో, వారంటీ గడువులోనే జరిగింది. ఆ గొట్టాలను వేరెవరూ విప్పలేదు. మేస్త్రి నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను, ఇద్దరమూ ఏమీ అనలేదు.

కొత్త గొట్టం, కొత్త క్లిప్పు వేశారు. పాత గొట్టాన్నే బిగించి చూద్దామా అని అడ్వైజరు మధ్యలో వచ్చి అన్నాడు గానీ, విప్పిన హై ప్రెషర్ గొట్టం తిరిగి వేయనని మేస్త్రి కచ్చితంగా చెప్పాడు. బిగించాక స్కానరుతో మళ్లీ ఒత్తిడి పెంచి చూసి, ఆ తరువాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కుడు దారిలో బండి నడిపి తెచ్చాడు. ఈ పనికి, ఆ మనిషికి పూర్తి మార్కులు వేస్తాను. ఆ తరువాత నిండు లోడుతో ఘాటీ ఎక్కినప్పుడెప్పుడూ వాసన రాలేదు, దీపం వెలగలేదు.

డీజిల్ లీకును కొంతమంది మైలేజీ నష్టంగా మాత్రమే చూసి, వీలైనప్పుడు చూసుకుందాంలే అని తిరుగుతుంటారు. ఎక్కుడులో టర్బో, ఎగ్జాస్టు మానిఫోల్డు వేడి మూడు నాలుగు వందల డిగ్రీలు సులువుగా దాటుతుంది. సన్నటి తుంపరగా చిమ్మిన డీజిల్ అంత వేడి లోహానికి తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోవచ్చు. అందుకే ఎక్కుడులో వాసన తగిలితే పొట్టంగి చేరాక చూద్దామనుకోకుండా అక్కడే పక్కకు ఆపడం మంచిది.

ఇక ఏ పనికి డీలరు దగ్గరకు వెళ్లాలి, ఏ పనికి అక్కరలేదు అన్న విషయంలో నాకు ఒక స్పష్టత వచ్చింది. ట్యాంకు నుంచి ఫిల్టరు దాకా ఉన్న రబ్బరు పైపులు, వాటరు సెపరేటరు, మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే రిటర్ను లైను, ట్యాంకు పట్టీ రాసుకుని పడిన చిల్లి, ఇలాంటివి సాలూరులోనో జయపురంలోనో నమ్మకమైన రోడ్డు పక్క మేస్త్రి సగం ఖర్చుతో, అదే పూట చేసిపెడతాడు. పంపు నుంచి రైలుకు, రైలు నుంచి నాజిళ్లకు పోయే ఇనుప గొట్టాలు, నాజిళ్లు, సెన్సర్లు, ఈ వైపు పని మాత్రం స్కానరు, టార్క్ రెంచి, కంపెనీ గొట్టం లేకుండా చేయించడం ప్రమాదమే. గొట్టానికి పగులు వస్తే వెల్డింగు పెట్టించి నడిపిస్తున్న బండ్లను ఈ దారిలోనే చూశాను. వాటి వెనకాల పోవాలన్నా నాకు భయమే.

మిగతా సదుపాయాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. డ్రైవర్లు పడుకోవడానికి గది ఉంది, ఫ్యాను తిరుగుతుంది, స్నానాలగది శుభ్రంగా ఉండదు. గొట్టం స్టాకులో లేక బయటి నుంచి తెప్పించారు. ఆలస్యమైనా ఎప్పుడు వస్తుందో చెప్పిన రోజుకే వచ్చింది.

బిల్లు దగ్గర మాత్రం కథ తేలిగ్గా ముగియలేదు. క్లిప్పు తమ షెడ్డులోనే మిస్సయిందని మేనేజరు నోటితో ఒప్పుకున్నాడు గానీ, కాగితం మీద పెట్టడానికి ఇష్టపడలేదు. చివరికి రెండోసారి లేబరు మాఫీ చేసి, గొట్టం, క్లిప్పు ధర మాత్రం తీసుకున్నారు. మొదటిసారి అనవసరంగా మార్చిన ఫిల్టరు హెడ్డు సొమ్ము వచ్చే సర్వీసులో సర్దుతామన్నారు. నేను పాత గొట్టం, పాత హెడ్డు, రెండు జాబ్ కార్డులు, రెండు బిల్లులు అడిగి తెచ్చుకున్నాను. మార్చిన పాత సామాను అడిగితే ఇస్తారు, అడగకపోతే తుక్కులోకి పోతుంది.

లారీ వ్యాపారానికి వాడేది కదా, వినియోగదారుల కమిషన్‌కు ఎక్కడ వెళ్లగలం అని మా లైనులో చాలామంది అనుకుంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి కొన్నవారిని మినహాయించిన మాట నిజమే. అయితే స్వయం ఉపాధి ద్వారా కేవలం జీవనోపాధి కోసమే వాడుకుంటే అది వాణిజ్య అవసరం కిందకు రాదని అదే చట్టంలో వివరణ ఉంది. కాబట్టి ఒక్క బండి కొనుక్కుని తానే నడుపుకొనేవాడికి ఆ తలుపు మూసి లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి దాఖలు రుసుము ఉండదు.

ఈ సంగతి మేనేజరుకు బెదిరింపుగా కాకుండా మామూలుగానే చెప్పి, ఫిల్టరు హెడ్డు సొమ్ము సర్దుబాటు గురించి మెయిల్ పెట్టమని అడిగాను. మెయిల్ వచ్చింది, సొమ్ము ఇంకా సర్దలేదు. వచ్చే సర్వీసుకు అక్కడికే వెళ్తాను, ఎందుకంటే ఆ మేస్త్రి అక్కడే ఉన్నాడు. ఈసారి జాబ్ కార్డులో నా ఫిర్యాదు పూర్తిగా ఎక్కిందో లేదో చదివి చూసుకున్న తరువాతే సంతకం పెడతాను.